తల దగ్గర నిలబడే డాక్టరు: అనస్తీషియా శాఖపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పీజీలో ఏ శాఖ తీసుకోవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ అనస్తీషియా గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, పొడవైన వాటిని కుదించి ఇస్తున్నాం. జవాబులు రాసినవారు ఈ శాఖలో పనిచేస్తూ పీజీలకు పాఠాలు చెబుతున్న వైద్యులు.

ప్రశ్న: మరో రెండు నెలల్లో నా హౌస్‌సర్జన్సీ అయిపోతుంది. జనరల్ మెడిసిన్, సర్జరీ, అనస్తీషియా, ఈ మూడింటి మధ్య ఊగుతున్నాను. థియేటర్ వాతావరణం నాకిష్టమే. కానీ కొందరు ‘మత్తు డాక్టరును రోగి మర్చిపోతాడు, దండం సర్జన్‌కే’ అంటున్నారు. మరికొందరు ‘హాయైన బ్రాంచి, మత్తిచ్చి కూర్చోవడమే’ అంటున్నారు. ఏది నిజం?
(ఒక హౌస్‌సర్జన్)

జవాబు: మొదటిది చాలావరకు నిజం. రెండోది ఏ కోశానా నిజం కాదు.

రోగి మిమ్మల్ని మర్చిపోతాడు. మర్చిపోయేలా చేసే మందును మీరే ఇస్తారు. థియేటర్‌లోకి తీసుకొచ్చేముందు మిడజోలామ్ ఒకటి రెండు మిల్లీగ్రాములు ఇస్తే, ఆ తర్వాత మీరు చెప్పిన ధైర్యం కూడా అతనికి గుర్తుండదు. మీ పరిచయమంతా ఆపరేషన్‌కు ముందు పది పదిహేను నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే నోరెంత తెరుచుకుంటుందో (మూడు వేళ్లు నిలువుగా పట్టాలి), మెడ వెనక్కి ఎంత వంగుతుందో, కదిలే పళ్లున్నాయా, చివరిసారి ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, ఇంట్లో ఎవరికైనా మత్తు వికటించిందా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడా అన్నీ కనుక్కోవాలి. నాలుక బయటపెట్టించి నోటి వెనక భాగం ఎంత కనబడుతుందో నాలుగు తరగతులుగా చూసే పరీక్షకు ప్రపంచమంతా ఒక తెలుగు ఇంటిపేరే వాడుతోంది. 1985లో మూడు తరగతులతో దాన్ని ప్రచురించినవారు మల్లంపాటి శేషగిరిరావు, నాలుగోది తర్వాత చేరింది. ఏళ్ల తరబడి ఒకే రోగి మీ దగ్గరికి రావడం, వాళ్ల పిల్లల పెళ్లికి మిమ్మల్ని పిలవడం, ఇలాంటివి లేకపోతే మీకు వైద్యం రుచించదనుకుంటే మెడిసినే తీసుకోండి. ఆ లోటును ఈ శాఖలో ఎంత జీతమూ పూడ్చదు.

ఇక లాభాల సంగతి. ఫిజియాలజీ, ఫార్మకాలజీ పుస్తకంలో చదివింది కళ్లముందు జరగడం మరే శాఖలోనూ ఇంత స్పష్టంగా కనిపించదు. మెడిసిన్‌లో బీపీ మాత్ర మార్చి ఫలితం కోసం వారాలు ఆగుతారు. ఇక్కడ స్పైనల్ (వెన్నులోకి ఇచ్చే మత్తు) ఇచ్చాక బీపీ పై అంకె 80కి పడిపోతే ఫెనైల్‌ఎఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఇస్తారు, నిమిషం తిరక్కుండానే అంకె లేస్తుంది. తొడ ఎముక విరిగి, మంచం కదిపితేనే కేకలు పెడుతున్న ముసలావిడకు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తొడ పైభాగాన ఫ్యాషియా ఇలియాకా బ్లాక్ (నరాలను మొద్దుబార్చే సూది) ఇస్తారు. పల్చని మందు 30 మి.లీ., అంతే. అరగంటలో ఆవిడ పక్కకి తిరిగి పడుకోగలుగుతుంది. ఆ అరగంట చూసి ఈ శాఖలోకి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకో లాభం, అప్పగించి వెళ్లాక ఆ కేసు మీ వెంట ఇంటికి రాదు. వార్డు రౌండ్లు, రాత్రి పదింటికి ‘డాక్టర్ గారూ, జ్వరం తగ్గలేదు’ అనే ఫోన్లు ఉండవు. దీని వెనకే నష్టమూ ఉంది. అప్పగించేదాకా కాలు కదపడానికి వీల్లేదు. మత్తులో ఉన్న రోగిని వదిలి బయటికి వెళ్లకూడదన్నది ఈ వృత్తి మొదటి నియమం. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా మరో అనస్తీషియా డాక్టరు వచ్చి మీ చోట నిలబడాలి. రెండు గంటల ఆపరేషన్ ఆరు గంటలైతే మీ సాయంత్రం కూడా పోయినట్టే. లిస్టు సర్జన్‌ది, సమయం సర్జన్‌ది. సొంత క్లినిక్ పెట్టి మీ వేళలు మీరే నిర్ణయించుకోవడం పెయిన్ మెడిసిన్‌లోకి వెళ్తే తప్ప కష్టం.

అన్నిటికంటే బరువైన నష్టం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అది ‘వద్దు’ అనాల్సి రావడం. చిన్నపిల్లవాడు మూడు గంటల క్రితం గ్లాసెడు ఆవుపాలు తాగాడు. చిన్న ఆపరేషన్, పది నిమిషాల పని, సర్జన్ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు, తల్లిదండ్రులు తొందరపడుతున్నారు. నీళ్లకైతే 2 గంటలు చాలు, తల్లిపాలకు 4, ఆవుపాలకూ తేలికపాటి తిండికీ 6, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8. అత్యవసరం కానప్పుడు మీరు ఇంకో మూడు గంటలు ఆగమనాలి. మత్తులో గొంతు రక్షణ పోయి కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి జారితే ఏమవుతుందో ఆ గదిలో అందరికంటే మీకే బాగా తెలుసు. ముఖం ముడుచుకున్న నలుగురి మధ్య ఆ మాట నిదానంగా, గొంతు పెంచకుండా అనగలగాలి. ఇది నేర్చుకుంటే వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. ఎవరి కోపాన్నీ భరించలేని స్వభావం మీదైతే మొదటి రెండేళ్లు చాలా నలిగిపోతారు.

ప్రశ్న: ‘గంటల కొద్దీ విసుగు, మధ్యలో క్షణాల భయం’ అని ఈ శాఖ గురించి అంటారు. విమానం నడపడంతోనూ పోలుస్తారు. నిజంగా అంతేనా?
(ఫైనల్ ఇయర్ విద్యార్థిని)

జవాబు: ఆ మాట బయటినుంచి చూసేవాళ్లది. లోపల ఉన్నవాళ్లకు భయం ఎక్కడినుంచి వస్తుందో ముందే లెక్క తెలుసు. ఆ లెక్క చూడండి.

పడుకున్న పెద్దమనిషి మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి 2 లీటర్ల పైచిలుకు. గదిగాలి పీలుస్తున్నప్పుడు అందులో ఆక్సిజన్ 300 మి.లీ. చుట్టుపక్కల ఉంటుంది. శరీరం నిమిషానికి 250 మి.లీ. ఖర్చుచేస్తుంది. అంటే కండరాలు సడలే మందు ఇచ్చి శ్వాస ఆపిన నిమిషానికే నిల్వ అడుగంటుతుంది. అదే మనిషికి మూడు నిమిషాలు మాస్క్ బిగుతుగా పట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే నిల్వ 2 లీటర్ల దగ్గరికి చేరుతుంది. ఆరోగ్యవంతుడికి ఏడెనిమిది నిమిషాల వెసులుబాటు దొరుకుతుంది. ఊబకాయుడికి రెండు మూడు నిమిషాలే, ఎందుకంటే పొట్ట పైకి తోసి నిల్వ పాత్రనే చిన్నది చేస్తుంది. నెలలు నిండిన గర్భిణికి నిల్వ ఐదోవంతు తగ్గి ఖర్చు పెరుగుతుంది. పసిబిడ్డకు కిలో బరువుకు ఖర్చు పెద్దవాళ్లకంటే రెట్టింపు.

కాబట్టి ఆ మూడు నిమిషాలే మీ భద్రత. పాడయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. మాస్క్ పక్కనుంచి గాలి పీలుస్తుంటే ఎంతసేపు పట్టినా ప్రయోజనం లేదు. గడ్డం ఉన్నవాళ్లలో, పళ్లు లేక బుగ్గలు లోపలికి పోయినవాళ్లలో ఇది మామూలే. బ్యాగ్ శ్వాసతోపాటు కదలాలి, క్యాప్నోగ్రాఫ్‌లో (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం) అల రావాలి, వదిలే గాలిలో ఆక్సిజన్ 90 శాతం దాటాలి. ఆక్సిజన్ ఫ్లో నిమిషానికి 10 లీటర్ల కంటే తగ్గించకండి. బల్ల తలవైపు 20, 25 డిగ్రీలు ఎత్తితే లావుగా ఉన్నవాళ్లకు విలువైన క్షణాలు కలిసొస్తాయి. ఇంకో సంగతి, వేలికి పెట్టిన ఆక్సీమీటర్ చూపేది గతం. ఊపిరితిత్తుల్లో ఇప్పుడు జరిగింది వేలి దగ్గరికి చేరేసరికి అర నిమిషమైనా పడుతుంది. పైగా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 కిందికి జారాక మెట్లు దిగదు, జారుడుబల్ల మీద పడినట్టు పడుతుంది. 92 దగ్గర ‘ఇంకొక్కసారి ప్రయత్నిస్తాను’ అనుకోవడం అందుకే ప్రమాదం.

మిగతా గంటల సంగతికి వస్తే, విసుగొచ్చే తీరిక ఉందంటే ఏదో చూడటం మానేశారనే అర్థం. సక్షన్ సీసాలో ఎంత చేరింది, రక్తం అద్దే గుడ్డలు, అంటే మాప్‌లు ఎన్ని తడిశాయి (పూర్తిగా తడిసిన పెద్ద మాప్ 100 నుంచి 150 మి.లీ. పట్టుకుంటుంది), మూత్రం వస్తోందా, ఒంట్లో వేడి 36 డిగ్రీల కిందికి పోతోందా, మత్తు మందును ఆవిరి చేసే వేపరైజర్‌లో మందు ఎంతుంది, కనురెప్పల మీద టేపు ఊడిందా, మోచేయి గట్టి అంచుమీద నొక్కుకుంటోందా. ఈ చివరిది మర్చిపోతే రోగి లేచాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి నెలల తరబడి బాధపెడతాయి. ఆపరేషన్ అద్భుతంగా చేసినా అతనికి గుర్తుండేది ఆ తిమ్మిరే.

ప్రశ్న: అనస్తీషియా పీజీ మొదటి సంవత్సరం. చేరి నాలుగు నెలలైంది. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడంలో ఇప్పటికీ పదిలో నాలుగు తప్పుతున్నాయి. లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే బ్లేడు పరికరం) పట్టగానే చెయ్యి వణుకుతోంది. నాతో చేరినవాళ్లు బాగానే చేస్తున్నారు. ఈ శాఖ నాకు సరిపడదేమో, వదిలేయాలా?
(పేరు రాయవద్దని కోరారు)

జవాబు: వదలకండి. కనీసం ఈ కారణంతో వదలకండి. పదిలో తొమ్మిది సార్లు సరిగ్గా పడే స్థాయికి రావడానికి సాధారణంగా 50 ప్రయత్నాల దాకా పడుతుంది. మీరు ఎన్ని చేశారో పుస్తకంలో రాసుకోండి, నెలలతో కొలవకండి.

తప్పిన వాటిలో చాలావరకు నోరు తెరవకముందే తప్పి ఉంటాయి. తలకింద 7 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు గట్టి దిండు ఉండాలి. పక్కనుంచి చూస్తే చెవి రంధ్రం, రొమ్ము ఎముక పై గుంట ఒకే సమతలంలో కనిపించాలి. లావుగా ఉన్నవాళ్లకు ఒక్క దిండు చాలదు, భుజాల కిందినుంచే దుప్పట్లు పేర్చి ఎత్తాలి. బల్ల ఎత్తు రోగి ముఖం మీ రొమ్ము ఎముక కింది కొన దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. మీరు నడుము వంచి, ముఖం దగ్గర పెట్టి చూస్తుంటే చెయ్యి వణకడం సహజం. నడుము నిటారుగా పెట్టి, మోచేయి ఒంటికి దగ్గరగా తెచ్చుకుంటే సగం వణుకు పోతుంది.

బ్లేడు కుడి మూలనుంచి దించి నాలుకను ఎడమకు తోయండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒక్కసారిగా లోతుకు దించేయడం. అప్పుడు కనబడేది అన్నవాహిక, గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటీ ఉండదు. మెల్లగా దించుతూ ముందు ఎపిగ్లాటిస్‌ను (శ్వాసనాళం మీది మూతను) వెతకండి. అది కనబడితే దారి దొరికినట్టే. బ్లేడు కొనను దాని ముందు గుంటలో ఆనించి, పిడి చూపే దిక్కుకు, అంటే ఎదుటి గోడ, పైకప్పు కలిసే మూలవైపు ఎత్తండి. మణికట్టు వెనక్కి తిప్పారో పై పళ్లు విరుగుతాయి. ఇంకా కనబడకపోతే మీ కుడిచేత్తోనే గొంతును బయటినుంచి వెనక్కి, కాస్త పైకి నొక్కి చూడండి. బాగా కనబడిన చోట సహాయకుడిచేత పట్టించండి.

బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నని కడ్డీ) అడగడానికి మొహమాటపడకండి. శ్వాసనాళ ద్వారం వెనక అంచు మాత్రమే కనబడితే ఎపిగ్లాటిస్ కిందుగా, ఆ అంచుకు ముందువైపునుంచి బూజీ పోనివ్వండి. శ్వాసనాళపు ఉంగరాలు టకటకమని తగులుతాయి, ముందుకుపోయి ఒకచోట ఆగుతుంది. అన్నవాహికలోకి పోతే ఎంతదూరమైనా పోతూనే ఉంటుంది. ఆగేదాకా చూడాలి కదా అని బలంగా తోయకండి, ఊపిరితిత్తికి గాయమవుతుంది. దానిమీదుగా ట్యూబ్ దించేటప్పుడు లారింగోస్కోప్ తీసేయొద్దు. అడ్డం తగిలితే ట్యూబ్‌ను ఎడమవైపుకు పావు చుట్టు తిప్పితే జారుతుంది. పళ్ల దగ్గర గుర్తు ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగ, అంటే కఫ్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. వేళ్లతో నొక్కి అంచనా వేస్తే చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, మీటరు వాడండి.

ఆ తర్వాత చూడాల్సింది క్యాప్నోగ్రాఫ్ అల ఒక్కటే. ఆరేడు శ్వాసలు వరుసగా, ఎత్తు తగ్గకుండా రావాలి. అల లేకపోతే ట్యూబ్ తప్పుచోట ఉందనే అనుకుని తీసేయండి. స్టెతస్కోప్‌లో గాలి వినిపించిందనీ, ట్యూబ్‌లో ఆవిరి పట్టిందనీ, కంటితో చూసి వేశాననీ సమర్థించుకోవద్దు. ఈ మూడూ మోసం చేస్తాయి, వాటిని నమ్మిన చోట్ల ప్రాణాలు పోయాయి. మూడు ప్రయత్నాలకు మించవద్దు, వాటి మధ్య మాస్క్‌తో ఊపిరి ఇవ్వండి, అయినా కాకపోతే గొంతు పైన కూర్చునే లారింజియల్ మాస్క్ పెట్టండి. నిజానికి మీరు మొదట పట్టు సాధించాల్సింది మాస్క్ వెంటిలేషన్ మీద. ట్యూబ్ పడకపోయినా ఊపిరి అందితే రోగికి ఏమీ కాదు.

మీరు నిజంగా మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. రెండోసారి తప్పినప్పుడు సీనియర్‌ను పిలిచారా, దాచిపెట్టి మూడోసారి ప్రయత్నించారా? పిలిచి ఉంటే ఈ శాఖకు కావాల్సిన గుణం మీలో ఉంది. చెయ్యి తనంతట అదే కుదురుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి అనస్తీషియా తీసుకుంటానంటోంది. మేం వైద్యులం కాదు. రోజూ మత్తు వాయువుల మధ్య ఉంటే ఆరోగ్యం పాడవుతుందని, పెళ్లయ్యాక గర్భం నిలవదని బంధువులు భయపెడుతున్నారు.
(ఒక తండ్రి)

జవాబు: ఈ భయానికి పాత కారణం ఉంది. ఒకప్పుడు రోగి వదిలిన మత్తు వాయువు థియేటర్‌లోనే కలిసిపోయేది. ఇప్పుడు దాన్ని పీల్చి బయటికి పంపే స్కావెంజింగ్ గొట్టం యంత్రానికే ఉంటుంది. గంటకు 15 సార్లకు తగ్గకుండా గదిగాలి మారాలన్నది మామూలు ప్రమాణం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సూచించిన పరిమితి హాలోజన్ కలిసిన మత్తు వాయువులకు 2 పీపీఎం (గాలిలో పది లక్షల్లో రెండు వంతులు), నైట్రస్ ఆక్సైడ్‌కు 25 పీపీఎం. స్కావెంజింగ్ పనిచేసే థియేటర్‌లో ఈ పరిమితిలోపు ఉండటం కష్టమేమీ కాదు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. పిల్లలకు మాస్క్‌తో మత్తు ఇచ్చేటప్పుడు, వేపరైజర్ నింపేటప్పుడు, మాస్క్ ముఖాన పెట్టకముందే వాయువు తిప్పేసినప్పుడు, రికవరీ గదిలో మేలుకుంటున్న రోగుల పక్కన. గర్భంతో ఉన్నప్పుడు ఈ పనులు తగ్గించుకుని, సిరలోకి ఎక్కించే మందులతో మత్తిచ్చే కేసులు, బ్లాకులు, ప్రీ-అనస్తీషియా క్లినిక్ చూసుకోవచ్చు. ఎక్స్‌రే వాడే కేసుల్లో సీసం ఆప్రాన్ వేసుకుని యంత్రానికి రెండు మీటర్ల దూరం పాటించాలి. గర్భం సంగతి చెప్పిన రోజునుంచి కాన్పుదాకా శిశువుకు తగిలే రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది అంతర్జాతీయ పరిమితి. కాబట్టి అమ్మాయి ఆ విషయాన్ని విభాగంలో తొందరగా చెప్పడం ముఖ్యం.

మా ఉద్దేశంలో వాయువులకంటే నైట్ డ్యూటీలే ఎక్కువ హాని చేస్తాయి. చేరబోయే చోట వరుసగా ఎన్ని గంటల డ్యూటీ, మర్నాడు సెలవు నిజంగా ఇస్తారా లేదా అన్నది కనుక్కోమనండి.

ప్రశ్న: ఏ తప్పులు ఎక్కువగా జరుగుతాయి? కేసుల పాలవుతామన్న భయంతో ఈ శాఖను పక్కన పెడుతున్నాను.

జవాబు: పేరుమోసిన భయాలు వేరు, రోజూ పొంచి ఉండేవి వేరు. అందరూ ట్యూబ్ గురించి భయపడతారు గానీ, అది తప్పితే అలారాలు మోగుతాయి, పదిమంది చేరతారు. చప్పుడు చేయకుండా వచ్చేది సిరంజి తారుమారు. ఒకే రంగు, ఒకే పరిమాణంలో ఉండే ఆంప్యూళ్లు ఒకే డబ్బాలో ఉంటాయి. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ ఆసిడ్‌ను, తిమ్మిరెక్కించే మందు బ్యుపివకైన్ అనుకుని వెన్నులోకి ఇచ్చిన ఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల జరిగాయి. మూర్ఛలు ఆగకుండా వచ్చి చాలామంది చనిపోయారు. దీనికి విరుగుడు తెలివితేటలు కావు, అలవాటు. స్పైనల్ మందులు వేరే ట్రేలో, ట్రానెగ్జామిక్ ఆసిడ్ వేరే చోట ఉండాలి. ఒక్కో ఆంప్యూల్ పగలగొట్టి, నింపి, లేబుల్ అంటించాకే రెండోది ముట్టుకోవాలి. లేబుల్ లేని సిరంజి ఎవరిదైనా సరే, చెత్తబుట్టలోకే.

రెండోది లెక్క తప్పడం. 0.5 శాతం అంటే మి.లీ.కు 5 మిల్లీగ్రాములు. బ్యుపివకైన్ కిలోకు 2 మిల్లీగ్రాములనుకుంటే 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు, అంటే 24 మి.లీ. ‘బ్లాక్‌కి 30 కొట్టు’ అని ఎవరో అన్నారని 0.5 శాతం మందే 30 కొడితే హద్దు దాటినట్టే. సర్జన్ గాయం చుట్టూ వేసే మందు కూడా ఈ లెక్కలోకి వస్తుందని మర్చిపోతారు. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహం రుచి, చెవుల్లో హోరు, మాట తడబాటు, ఆ తర్వాత మూర్ఛ, గుండె లయ తప్పడం. సూది ఆపి, ఆక్సిజన్ ఇచ్చి, మూర్ఛ ఆపే మందుతోపాటు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో ఇవ్వాలి. 70 కిలోలకు సుమారు 100 మి.లీ. ఆ సీసా ఎక్కడుందో బ్లాక్ మొదలుపెట్టకముందే తెలిసుండాలి. స్టోర్ రూమ్‌లో తాళం కింద ఉంటే లేనట్టే లెక్క.

మూడోది, కండరాలు సడలే మందు ప్రభావం పూర్తిగా పోకుండా ట్యూబ్ తీసేయడం. తల ఎత్తాడు, కళ్లు తెరిచాడు అని తీసేస్తారు. రికవరీలో నాలుక వెనక్కి పడి శాచురేషన్ జారుతుంది. నరాన్ని నాలుగుసార్లు ప్రేరేపించి చూసే మీటర్‌లో నాలుగో స్పందన మొదటిదానిలో 90 శాతానికి చేరాకే తీయాలి.

కోర్టు సంగతి: రికార్డు అప్పటికప్పుడు, ఐదు నిమిషాలకోసారి, జరిగింది జరిగినట్టు రాయండి. తర్వాత దిద్దకండి. ఏదైనా వికటిస్తే ఆ రోజే, మీరే స్వయంగా కుటుంబంతో కూర్చుని మాట్లాడండి. సర్జన్‌కు వదిలేసి పక్కకు తప్పుకోవడం వాళ్ల అనుమానాన్ని పెంచుతుంది.

ప్రశ్న: కృత్రిమ మేధ వచ్చి ఈ ఉద్యోగాలు పోతాయంటున్నారు కదా?

జవాబు: మందు మోతాదును మెదడు తరంగాల్ని బట్టి తనే సవరించుకునే యంత్రాలు ఉన్నాయి, మెరుగవుతాయి కూడా. కొలొనోస్కోపీకి మత్తునిచ్చే ఒక స్వయంచాలక యంత్రానికి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది, 2016లో అమ్మకం ఆపేశారు. యంత్రం మోతాదు ఇవ్వగలదు. మూసుకుపోయిన గొంతును తెరవడానికి, రక్తం ఎక్కించాలా వద్దా అన్నది సర్జన్‌తో తేల్చుకోవడానికి మనిషి కావాలి.

ప్రశ్న: థియేటర్ బయట అనస్తీషియా డాక్టరుకు చోటుందా? జీవితాంతం ఓటీ గోడల మధ్యే ఉండాలంటే కష్టం అనిపిస్తోంది.

జవాబు: ఐసీయూ అన్నదే ఈ శాఖ నుంచి పుట్టింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి శ్వాస కండరాలు చచ్చుబడినవాళ్లు వరుసగా చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్‌సెన్ అనే అనస్తీషియా డాక్టరు థియేటర్‌లో చేసే పనినే వార్డుకు తెచ్చాడు. గొంతుకు రంధ్రం చేసి, ట్యూబ్ పెట్టి, చేత్తో బ్యాగ్ నొక్కించాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు నొక్కారు. మరణాలు సగానికి సగం తగ్గాయి. పుట్టిన బిడ్డను నిమిషానికి, ఐదు నిమిషాలకు అంచనా వేసే స్కోరును ఇచ్చిన వర్జీనియా ఆప్గార్ కూడా అనస్తీషియా డాక్టరే.

ఈ రోజు క్రిటికల్ కేర్, దీర్ఘకాలిక నొప్పుల వైద్యం, పాలియేటివ్ కేర్, గుండె, పసిపిల్లలు, మెదడు, కాన్పులు, అవయవ మార్పిడి ఇలా ఎటైనా వెళ్లొచ్చు. పెయిన్ క్లినిక్‌లో రోగి మళ్లీ మళ్లీ వస్తాడు, పేరుపెట్టి పిలుస్తాడు, వేళలు మీ చేతిలో ఉంటాయి. అయితే అక్కడ మందు ఎక్కిన మరుక్షణం ఫలితం చూసే ఆనందం ఉండదు, పదేళ్ల నడుంనొప్పి ఒక సూదితో పోదు. ఐసీయూలో చావు దగ్గరగా ఉంటుంది, కుటుంబాలతో మాట్లాడటమే సగం పని.

ప్రశ్న: అనస్తీషియా డాక్టర్లలో మత్తు మందులకు అలవాటు పడేవాళ్లు ఎక్కువని చదివాను. నిజమా?

జవాబు: వైద్యులందరిలో ఈ ముప్పు ఎక్కువగా ఉన్న శాఖల్లో ఇదొకటి. ఫెంటనిల్, ప్రొపోఫాల్ రోజంతా చేతిలోనే ఉంటాయి, మిగిలింది ఎంత పారేశామో చూసేవాళ్లు ఉండరు. అలసట, నిద్రలేమి తోడవుతాయి. ప్రొపోఫాల్‌తో మొదటి వాడకంలోనే శ్వాస ఆగి చనిపోయినవాళ్లున్నారు. మిగిలిన మందును ఇద్దరి సంతకంతో పారేసే పద్ధతి ఉన్న విభాగంలో చేరండి. తోటివాడు అడగకుండానే అదనపు డ్యూటీలు వేసుకుంటున్నా, అతను చూసిన రోగులు రికవరీలో లెక్కకు మించి నొప్పితో లేస్తున్నా, వేసవిలోనూ పొడుగు చేతులు వేసుకుంటున్నా ఆ రోజే విభాగాధిపతికి చెప్పండి. చాడీ చెప్పినట్టవుతుందేమోనని ఆగితే అతన్ని శవంగా చూడాల్సి రావచ్చు. మీకే ఆ తలంపు వచ్చి ఉంటే, ఒక్కసారైనా సరే, ఈ వాక్యం చదివాక ఫోన్ తీసి మీరు నమ్మే సీనియర్‌కు గానీ మానసిక వైద్యుడికి గానీ చెప్పండి.

ప్రశ్న: చేరకముందే ఈ శాఖ నాకు సరిపోతుందో లేదో తెలుసుకునే మార్గం ఉందా? రెండు వారాల ఎలక్టివ్ దొరికింది.

జవాబు: రెండు వారాలు చాలు, సరిగ్గా వాడుకుంటే. లిస్టు మొదలయ్యాక వెళ్లకండి, అరగంట ముందు వెళ్లి యంత్రం తనిఖీ చూడండి. ఆక్సిజన్ పైపులైన్ ఒత్తిడి 4 బార్ దగ్గరుందా, వెనక సిలిండర్ నిండా ఉందా, సర్క్యూట్‌ను 30 సెంటీమీటర్ల నీటిమట్టం దాకా ఉబ్బించి వదిలితే ముల్లు నిలుస్తోందా, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే సోడాలైమ్ ఊదారంగులోకి తిరిగిందా, సక్షన్ లాగుతోందా, చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగ్ చేతికందే దూరంలో ఉందా. ఇవన్నీ రోజూ ఒకే వరుసలో చూడటం నాలుగో రోజుకే మీకు చాకిరీలా అనిపిస్తోందా, లేక ‘నిన్న ముల్లు కొంచెం జారిందే’ అని గమనించడం మొదలుపెట్టారా చూసుకోండి. ఉత్సాహం ట్యూబ్ వేసేటప్పుడు అందరికీ వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రెండో వారంలో ఒక పొడవైన కేసు మొదటినుంచి చివరిదాకా కదలకుండా చూడండి. ఫోన్ లాకర్‌లో పెట్టేయండి. ఐదు నిమిషాలకోసారి గుండె వేగం, బీపీ, శాచురేషన్, కార్బన్ డయాక్సైడ్ మీ కాగితం మీద మీరే రాసుకోండి. అంకె మారినప్పుడల్లా ఎందుకు మారిందో పక్కన రాయండి. కార్బన్ డయాక్సైడ్ 36 నుంచి 28కి మెల్లగా దిగిందనుకోండి. వెంటిలేటర్ ఎక్కువ ఊపిరి ఇస్తోందా, ఒళ్లు చల్లబడిందా, రక్తం పోయి గుండె తక్కువ తోస్తోందా? మీ ఊహను తల దగ్గర ఉన్న డాక్టరుతో పోల్చుకోండి.

ఒక రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీ కూడా తప్పకుండా చూడండి, తెల్లవారుజాము మూడున్నరకు వచ్చే సిజేరియన్‌తో సహా. ఆ మర్నాడు నిద్రపోయి లేచాక, ఎవరి సలహా వినకముందు, మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలని ఉందో లేదో ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, కౌన్సెలింగ్‌కు వెళ్లే రోజు తీసి చదువుకోండి.